ఊకె కూసుంటం

హైదరాబాద్,
3 ఏప్రిల్ 2023.

మామా,

నమస్తే. అత్త మోకాళ్లు ఎట్లున్నాయి? నీకు ఫోన్ చేస్తే పాలు దించుకునే డాక్ మీద క్యాన్ల చప్పుడులో అన్నిటికీ "ఆఁ, ఆఁ" అంటావు. దేనికి ఒప్పుకున్నావో తర్వాత నీకే గుర్తుండదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నల్లగొండ ప్లాంటు నుంచి పాల శాంపిళ్ల కవరు రోజూ హెడ్డాఫీసుకు వచ్చి పోతూనే ఉంది కదా. ఈ ఉత్తరం అందులోనే పెట్టి డ్రైవర్ రాజేశ్‌కు ఇచ్చాను. నువ్వు కూడా అట్లాగే పంపు.

నువ్వు ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న పాల డెయిరీలోనే నాకూ ఉద్యోగం వచ్చిందని అమ్మ ఊరంతా చెప్పుకుంటోంది. ఇక్కడ మాత్రం నువ్వు నా మేనమామవని ఎవరికీ చెప్పలేదు. చేరి మూడు నెలలే అయింది, ఇంకా మూడు నెలలు ప్రొబేషన్. మా విజేందర్ సార్ నాకు మొదటి పెద్ద పని అప్పజెప్పారు. అది తప్పిందంటే మహబూబ్‌నగర్ బస్సెక్కి అమ్మ దగ్గరికి పోవడమే.

నాకు నీ సాయం కావాలి. ప్లాంటులో ఎవరు ఏం పని చేస్తారు, రోజుకు ఎంతసేపు చేస్తారు, వాళ్లనే అడిగి రాసి పంపు. మేనేజర్ పంపే పట్టిక ఐదేళ్లుగా ఒక్కటే, తారీఖు మాత్రం మారుతుంది. వాళ్లు ఏం చెప్తే అదే రాయి, నువ్వు ఒక్క మాట కూడా కలపకు. ఎందుకని అడగకు. ఆఫీసు విషయం, తర్వాత చెప్తాను.

నీ
శ్రీవాణి

---

నల్లగొండ, పానగల్ రోడ్డు,
8 ఏప్రిల్.

బిడ్డా శ్రీవాణీ,

నీ ఉత్తరం అందింది. గా శాంపిల్ కవర్ల ముప్పై ఏండ్ల సంది పాల సంగతే పోతాంది. మనుషుల సంగతి వచ్చుడు ఇదే మొదలు. మీ అత్త మోకాళ్లు మంచిగనే ఉన్నయట, మెట్లే మంచిగ లేవంటది.

నువ్వు నాకేమైతవో ఎవ్వలకు జెప్పలె. రాజేశ్ అడగనే అడిగిండు, "ఏందే జంగన్నా, హెడ్డాఫీసుల నీకు ఉత్తరాలు రాసెటోళ్లెవలు?" అని. "పాలల్ల నీళ్లు కలిపెటోళ్ల పేర్లు అడుగుతున్నరు" అన్న. గప్పటి సంది నాకు రోజూ నమస్తె పెడ్తున్నడు.

నువ్వన్నట్టె అందర్ని అడిగిన. ఎవ్వలేమన్నరో అదే రాసిన. ఒక్క అచ్చరం కలపలె.

సైదమ్మ. పాల క్యాన్లు కడిగే ఆరుగురు ఆడోళ్లకు పెద్ద. ఏమన్నదంటె, "ఏం జేస్తం, ఊకె కూసుంటం. క్యాన్లొస్తె ఓ రెండు గంటలు కడుగుతం."

గుర్వమ్మ. ఆమెది గూడ కడుగుడే. "సైదక్క కంటె తక్కువే జేస్త."

స్వరూప. కడిగేటోళ్లల్ల చిన్నది, పది పాసైంది. "మూతలు తుడుస్త. గది గూడ ఒక పనేనా?"

గోపయ్య. గేటు కాడుంటడు. "వ్యానొస్తె గేటు తెరుస్త, పోతె మూస్త. పనంత గేటే జేస్తది."

మల్లేష్. క్యాంటీన్. "చాయ్ దానంతట అదే మరుగుతది."

ఇగ జంగయ్య. డాక్. ఊర్ల నుంచి క్యాన్లొస్తె మూత తీసి వాసన జూస్తడు. ముక్కున్నోళ్లు ఎవలైన జేస్తరు.

గింతే. నాకు తెలిసి ఇది కొత్త యూనిఫారాల కోసమే అయ్యుంటది. నాది మోచేతుల కాడ చినిగింది, జర యాదికుంచుకో.

మీ మామ
జంగయ్య

---

హైదరాబాద్,
13 ఏప్రిల్.

మామా,

నీ కాగితం చూసి విజేందర్ సార్ కుర్చీలోంచి లేచారు తెలుసా! "పనివాళ్లు తమకు పని లేదని వాళ్ల నోటితో చెప్పడం నా సర్వీసులో ఇదే మొదటిసారి. ఇంత నిజాయితీగా ఎవరు రాశారు?" అన్నారు. "డాక్ మీద జంగయ్య గారు" అన్నాను. ఆ క్షణంలో గర్వంగా అనిపించింది.

ఇప్పుడు సంగతి చెప్తాను. పాలు కొనడం, కాచడం, అమ్మడం కంపెనీ అసలు పనులట. కడుగుడు, ఊడ్చుడు, గేటు, క్యాంటీన్, తోట ఇవన్నీ పక్క పనులు. పక్క పనులను బయటి ఏజెన్సీలకు ఇవ్వాలని పైవాళ్లు నిర్ణయించారు. ఎట్లా ఇవ్వాలన్నదే నేను తేల్చాలి. అన్నీ ఒక్క ఏజెన్సీకా, ఒక్కోటి ఒక్కొక్కరికా, కొన్ని మన దగ్గరే ఉంచుకోవాలా అని. ఏప్రిల్ 28న రిపోర్ట్ ఇవ్వాలి.

ఇన్నాళ్లూ ఎటూ తేలక తల పట్టుకున్నాను. నీ కాగితంతో తేలిపోయింది. అన్నీ ఒక్క ఏజెన్సీకి ఇస్తే జవాబు చెప్పేవాడు ఒక్కడే ఉంటాడు, మనకు తలనొప్పి తక్కువ. క్యాన్లు కడగడం రోజుకు రెండు గంటల పనే కాబట్టి ఆరుగురు అవసరం లేదు, ఇద్దరు చాలట. నలభై ఐదేళ్లు దాటినవాళ్లను ఏజెన్సీ తీసుకోదు. సైదమ్మ గారికి యాభై ఆరు అని రికార్డులో ఉంది. ఆమె ఎట్లాగూ ఊరికే కూర్చుంటున్నానని చెప్పింది కదా, ఇంట్లో విశ్రాంతిగా ఉంటుంది.

యూనిఫారం సంగతి గుర్తుంచుకుంటాను.

నీ
శ్రీవాణి

---

నల్లగొండ,
15 ఏప్రిల్.

బిడ్డా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్న. కూసుంటె "వీడు గూడ ఊకె కూసుంటడు" అని ఎవలన్న రాసుకుంటరేమో.

నువ్వు పట్నంల ఎన్నేండ్లు చదివినవో గని, మీ అమ్మ మాట గూడ మరిచిపోయినవా? మా సోమక్క ఇంటికి చుట్టాలొస్తె మూడు కూరలొండుతది, గారెలు జేస్తది. ఆకుల ముందట కూసున్నోళ్లతోని ఏమంటది? "ఏం జెయ్యలె అన్నా, ఊకె ఇంత పచ్చిపులుసు పోసిన" అంటది. గా మాట నమ్మి గా ఇంట్ల పొయ్యి ఎలగదని ఎవలన్న రాసుకున్నరా? తన పని తను పొగుడుకుంటె చెయ్యి పడిపోతదంటరు మన దిక్కు. నువ్వు వాళ్లేమంటె అదే రాయమన్నవు. నేను అదే రాసిన. తెలివి నీకన్న ఉండాలె, నాకన్న ఉండాలె. ఇద్దరం పొదుపు జేసినం.

ఆరున్నరకు మొదటి వ్యానొస్తది. పదకొండయ్యేసరికి నాలుగొందల క్యాన్లు. ఎండలు ముదిరినయి, షెడ్డు మీద రేకులు పెనం లెక్క కాలుతయి. కింద సోడా కలిపిన ఉడుకు నీళ్లు, ఆవిరి. సైదమ్మ గోర్లు తెల్లగ సున్నమైనయి. రెండు గంటలంట! రెండు గంటలు ఆమె అలుపు తీర్చుకోవడానికే సాలవు.

సంగతి ఇక్కడ తెలిసిపోయింది. రాజేశ్ నీ ఉత్తరం చదవలె, ఆ మాట నిజం. కని హెడ్డాఫీసు క్యాంటీన్ల చాయ్ తాగిండు, చాయ్‌తోని సంగతి గూడ తాగొచ్చిండు. "క్యాన్ల సెక్షన్ ఎత్తేస్తరట. జంగయ్య రాసిచ్చిన లిస్టు తోనే ఎత్తేస్తరట" అని.

పది గంటలకు మేమందరం ఒక్క బెంచి మీద సద్ది తింటం. ఎవల డబ్బల ఏమున్నదో అందరికి పోతది. ఇయ్యాల నా డబ్బ ఒక్కటే ఉన్నది బెంచి మీద. వాళ్లంత ఆవలి గోడ కాడికి పోయిండ్రు. గుర్వమ్మ మాత్రం గాన్నుంచే అన్నది, "మాకు రెండు గంటలే పనట గద జంగన్నా, మిగిలిన ఆరు గంటలు నువ్వొచ్చి కడుగు." సైదమ్మ గదిగూడ అనలె. ఇరవై రెండేండ్ల సంది నాతోని పనిజేస్తాంది, నా దిక్కు సూడనన్న సూడలె. ఆమె మొగడు పోయి పదేండ్లు. గా కొలువు మీదనే ఇల్లు నడుస్తది.

పెండ్లికి టెంటు కిరాయికి తెస్తం బిడ్డా, బ్యాండు కిరాయికి తెస్తం, వంటోళ్లను తెస్తం. పిల్లను సాగదోలేటప్పుడు ఏడ్చుడు మాత్రం మన ఆడోళ్లే ఏడుస్తరు. దానికి మనిషిని కిరాయికి తెచ్చెటోన్ని నేనింతవరకు సూడలె. ఏది టెంటు, ఏది ఏడుపు, గది సూసుకోవాలె నువ్వు.

గా లిస్టు చింపెయ్యి.

మామ

---

హైదరాబాద్,
18 ఏప్రిల్.

మామా,

చింపడానికి అది నా చేతిలో లేదు. ఎండీ గారి టేబుల్ మీద ఉంది. ఇప్పుడు "అది తప్పు" అంటే ఏమంటారో తెలుసా? ఏజెన్సీ మాట వినగానే మాట మార్చారంటారు. ఆ మాట మార్పించింది నా మేనమామే అని తెలిస్తే నా పని ముగిసినట్టే.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాళ్లు నిజంగా అట్లా అన్నారా? లేక నన్ను నవ్వించడానికి నువ్వే రాశావా? చాయ్ దానంతట అదే మరుగుతుందట, పనంతా గేటే చేస్తుందట! చిన్నప్పుడు కూడా ఏది నిజం, ఏది వేళాకోళం అని నీ మొహం చూసి కనిపెట్టలేకపోయేదాన్ని. నేను ఇక్కడ అన్నం సరిగ్గా తినడం లేదు మామా. నేను సాయం అడిగితే నువ్వు హాస్యం పంపావా అని అనిపిస్తోంది.

20న పొద్దున ఏడు గంటలకు నేనే వస్తున్నాను. సైదమ్మ గారిని స్వయంగా అడుగుతాను. ఆమె తన పని సరిగ్గా చెప్తే చాలు, నేను విన్నది విన్నట్టు రిపోర్టులో పెడతాను. నువ్వు ముందుగా ఎవరికీ ఏమీ నేర్పకు. నన్ను ఎరగనట్టే ఉండు.

శ్రీవాణి

---

నల్లగొండ,
21 ఏప్రిల్.

హెడ్డాఫీసు మేడంకు డాక్ మీది జంగయ్య నమస్కారం.

ఎరగనట్టు మంచిగనే ఉన్నన? నువ్వు నా ముందట నుంచే పోయినవు. సగమైనవు బిడ్డా. మీ అత్త నీకోసం జేసిన మురుకులు నా సంచిలనే ఉండె, ఇయ్యలేకపోయిన. మధ్యాన్నం గోపయ్య, నేను తిన్నం. గోపయ్య బాగున్నయన్నడు. నాకు మింగుడు పడలె.

నువ్వు సైదమ్మను అడుగుతుంటె నేను డాక్ మీద చేతిల మూత పట్టుకొని నిలబడ్డ. "మీరు ఏం పని చేస్తారమ్మా?" అన్నవు. సైదమ్మ కొంగుతోని మొఖం తుడుసుకున్నది. చేతుల నుంచి ఇంక ఆవిర్లు లేస్తున్నయి. చెప్పు సైదమ్మా, చెప్పు అని నా లోపట నేను మొత్తుకుంటున్న. ఏమన్నది?

"ఏం జేస్తం బిడ్డా, ఊకె కూసుంటం" అన్నది.

నువ్వు రాసుకున్నవు. నీ మొఖం గూడ సూసిన. ఇప్పుడన్న నమ్మినవా, నేను హాస్యం రాయలె అని?

నీ కారు గేటు దాటంగనే నేను డాక్ దిగి పోయిన. "నీకేమన్న తిక్కనా సైదమ్మా? కొలువు పోతాంది, నోరు తెర్వవేంది?" అన్న. ఐదు రోజులకు మొదటిసారి నాతోని మాట్లాడింది. "ఏమని తెర్వాలె? నా బిడ్డ వయసు పిల్ల. ఆమె ముందట నిలబడి నేను గింత జేస్త, గంత జేస్త అని డప్పు కొట్టుకోవాల్నా? సిగ్గుగాదా? కొలువు పోతె పోయింది గని" అన్నది.

ఊకెనే అన్న, "సరె, నీ సంగతి ఇడిసిపెట్టు. గుర్వమ్మను గూడ తీసేస్తరు గద. ఆమె పోతె ఏమైతది మరి?"

ఇగ సూడు బిడ్డా! "గుర్వమ్మనా? గుర్వమ్మను తీస్తరా? సోడా ఎంత పడాలెనో కంటితోని జూసి పోస్తది, ఒక్క పిడికెడు ఎక్కువ కాదు తక్కువ కాదు. ఎక్కువైతె క్యాన్ గీరుకపోతది, తక్కువైతె జిడ్డు పోదు. సేతులు బొబ్బలెక్కినా ఒక్కనాడు నాగా పెట్టలె. ఆమెను తీసెటోడు ఎవడో నా ముందటికి రమ్మను!" అని అర్ధ గంట ఆగలె. గుర్వమ్మ తల వంచుకొని "ఊకో అక్కా, ఊకో" అంటాంది.

గప్పుడు సమజైంది నాకు. ఎవల పని వాళ్లను అడిగితె సచ్చినా చెప్పరు. పక్కోళ్ల పని అడిగితె ఆపతరం గాదు. మనం ప్రశ్న మంచిగనే అడిగినం, మనిషిని తప్పు అడిగినం.

రెండు రోజుల సంది గదే పనిల ఉన్న. గోపయ్య గురించి మల్లేష్‌ను, మల్లేష్ గురించి గోపయ్యను, కడిగేటోళ్లల్ల ఒకల గురించి ఇంకొకల్ని అడిగిన. పదకొండు పేజీలైంది, దీనితోని పంపుతున్న. స్వరూప సైదమ్మ గురించి చెప్పింది మాత్రం ముందుగాల సదువు. కడిగిన ప్రతి క్యాన్ల సైదమ్మ చెయ్యి పెట్టి, మెడ కింద ఉండె గాడిని ఏలుతోని తడిమి సూస్తదట. జిడ్డు తగిలితె మళ్ల కడగాల్సిందే. ఆ జిడ్డు ఉంటె పొద్దుమూకి ఊర్లల్ల దాంట్ల పోసిన పాలు తెల్లారెసరికి ఇరుగుతయి. "పోయినేడు మే నెల్ల సైదక్క బిడ్డ కాన్పుకని తొమ్మిది రోజులు రాలె. గా తొమ్మిది రోజులు ఎన్ని క్యాన్లు ఇరిగినయో రిజిస్టర్ల సూడుమను మేడంను" అన్నది స్వరూప.

గిది నేను కలిపింది కాదు. రిజిస్టర్ మీ దగ్గరనే ఉన్నది.

మీ మామ
జంగయ్య

---

హైదరాబాద్,
25 ఏప్రిల్.

మామా,

నన్ను క్షమించు. నువ్వు వేళాకోళం చేశావనుకున్నాను.

రిజిస్టర్ తీశాను. పోయినేడాది ఏప్రిల్ నెల మొత్తంలో పాలు విరిగినవి నాలుగు క్యాన్లు. మే నెలలో ఆ తొమ్మిది రోజుల్లోనే నలభై మూడు. ఎండల వల్ల అనుకుందామంటే, సైదమ్మ గారు తిరిగొచ్చిన వారంలో ఇంకా ఎక్కువ ఎండలే, విరిగింది ఒక్కటి. పదకొండు పేజీలూ, రిజిస్టరూ కలిపి విజేందర్ సార్ ముందు పెట్టాను. మొదట నవ్వారు. మూడో పేజీ దగ్గర నవ్వు ఆగింది. తర్వాత "అన్నీ ఒక్కడికే కట్టబెడితే మనకు తెలియకుండానే పాలు కూడా కట్టబెట్టినట్టే" అన్నారు.

ఇప్పుడు నా రిపోర్టు ఇట్లా మారింది. క్యాన్లు కడగడం మన దగ్గరే, ఆరుగురూ ఉంటారు. క్యాంటీన్ కూడా ఇప్పటికి మన దగ్గరే. గేటు, తోట, ఆఫీసు ఊడ్చే పని వేరువేరుగా బయటికి వెళ్తాయి. ఇప్పుడున్నవాళ్లను వయసు చూడకుండా ఇదే జీతానికి తీసుకోవాలన్న షరతు పెట్టాను. గోపయ్య గారి సంగతి తలచుకుంటే మనసు కుదురుగా లేదు. షరతు కాగితం మీద ఉంటుంది, గేటు నల్లగొండలో ఉంటుంది.

ఇంకొకటి చెప్పాలి.

పాత కాగితంలో ఒక్క వరుస మిగిలిపోయింది. "మూత తీసి వాసన చూస్తాడు, ముక్కున్నవాళ్లు ఎవరైనా చేస్తారు." ఆ వాక్యం పట్టుకుని డాక్ పనిని ఏజెన్సీకి ఇచ్చే జాబితాలో వేశారు. నీకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ఆ మూడేళ్లకు ముందే పంపించేస్తారు. పదకొండు పేజీలూ రెండుసార్లు వెతికాను. అందరి గురించీ ఎవరో ఒకరు చెప్పారు. నీ గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పలేదా, నువ్వు అడగలేదా?

ఉండబట్టలేక, నువ్వు నా మేనమామవని సార్‌కు చెప్పేశాను. తిట్టలేదు. "అయితే ఆ వరుస గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయడానికి వీల్లేదు. అక్కడి వాళ్లెవరైనా చెప్తే చూద్దాం. 28 సాయంత్రం దాకా సమయం ఉంది" అన్నారు.

మామా, ఎవరితోనైనా రాయించు. నీకు దండం పెడతాను.

నీ
శ్రీవాణి

---

నల్లగొండ,
26 ఏప్రిల్.

బిడ్డా శ్రీవాణీ,

రందిపడకు. అన్నం తిను.

నా గురించి నేనెవల్నీ అడగలె. ఎట్లడుగుత? ఒకల ముందటికి పోయి, చేతిల కాయితం పట్టుకొని, "నా గొప్ప జెప్పు, రాసుకుంట" అనాల్నా? సైదమ్మను తిక్కనా అని తిట్టినోన్నే, నా వంతు వచ్చేసరికి నాకు గూడ అదే తిక్క. మీ అత్త ఇది చదివి "మీ తమ్ముడు గిట్లనే" అని మీ అమ్మకు ఫోన్ జేసింది. ఇద్దరు కలిసి నన్ను గంటసేపు అన్నరు. ఎవల్నన్న రాయమంటె గంటసేపు నన్ను తిట్టుడే రాస్తరు.

అసలు నా పనేముంది గనక. మూత తీస్త, వాసన జూస్త. బాగుంటె లోపటికి, బాగలేకుంటె ఎనకకు. రాయడానికి అర లైను గూడ కాదు.

ఒక్కటి మాత్రం జెప్త, ఎవలకనకు. నిన్న ఒక క్యాన్ మూత తీసి వాసన జూసిన. మూత పెట్టిన. మళ్ల తీసి మళ్ల జూసిన. ముప్పై ఏండ్లల్ల రెండోసారి జూసుడు గదే మొదలు. నా ముక్కు మీద నాకే బుగులు పుట్టింది.

కడిగేటోళ్లు కొలువులు నిలబడ్డయని సంబరంల ఉన్నరు. గుర్వమ్మ మళ్ల బెంచి మీదికి వచ్చింది. సైదమ్మ ఇంక రాలె. కోపం తగ్గలె ఆమెకు. తగ్గకున్నా తప్పేం లేదు.

మీ మామ
జంగయ్య

---

నల్లగొండ,
27 ఏప్రిల్ 2023.

హెడ్డాఫీసు మేడంకు,

క్యాన్లు కడిగే సైదమ్మ చెప్తుంటె స్వరూప రాస్తున్నది. ఆమె చెప్పినట్టె రాస్తున్న, తప్పులుంటె నావి.

మేడం, రాజేశ్ మళ్ల మీ దగ్గర చాయ్ తాగొచ్చిండు. అందరి వరుసలు బాగైనయట, జంగయ్య వరుస ఒక్కటె పోతదట. ఆయన పని ఎవలైన జేస్తరని ఆయనే రాసుకున్నడట. అబద్ధం. ఎవ్వలతోని గాదు.

పోయిన నెల్ల ఓ అవ్వ క్యాన్ తెచ్చింది. జంగయ్య మూత తీసిండు. పులిసింది. ఎనక ఇరవై మంది నిలబడ్డరు. ఏమన్నడో తెలుసునా? "అవ్వా, నీ బర్రెకు నీ మీద ఎంత ప్రేమనో గని, తోడేసే పని నీకెందుకని పెరుగే ఇచ్చింది" అన్నడు. అందరు నవ్విండ్రు. అవ్వ గూడ నవ్వింది. పాలు మాత్రం తీసుకోలె. వేరెటోడు "పనికిరావు, తీస్కపో" అంటె అవ్వ గా ఇరవై మంది ముందట తల దించుకుంటుండె. తెల్లారి నుంచి ఇంకో డెయిరీకి పోసేది. అవ్వతోని గా వాడకట్టంత పోయేది. ఇక్కడ ఎనకకు పోయిన క్యాన్ మళ్ల మన దగ్గరికే వస్తది. గది ముక్కు పని కాదు మేడం.

డ్యూటీ అయినంక సైకిలేసుకొని అవ్వ ఇంటికి పోయిండు. పాలు పిండే గంజు సూసిండు. అడుగున సొట్ట ఉన్నదట, దాంట్ల పాలు నిలుస్తున్నయట. సొట్ట తీపిచ్చి వచ్చిండు. ఆయన చెప్పలె. అవ్వ వచ్చి చెప్పింది.

మా సంగతి గూడ చెప్త. మేం కడిగిన క్యాన్ల ఎప్పుడన్న వాసనుంటె జంగయ్య నోరు తెర్వడు. గా మూతను తిరగేసి మా దిక్కు పెడ్తడు. గంతే. మేం సూసుకొని మళ్ల కడుగుతం. మేనేజర్‌కు తెల్వది, డ్రైవర్లకు తెల్వది. ఇరవై రెండేండ్లల్ల మా తప్పు నలుగుర్ల పడకుంట గట్ల ఎన్ని మూతలు తిరగేసిండో లెక్క లేదు.

గా లిస్టు రాసినప్పుడు మాత్రం మూత తిరగేసి పెట్టలె, నేరుగ పంపిండు. గందుకే కోపమొచ్చింది నాకు. కోపం వేరు, పని వేరు. కోపం నేను సూసుకుంట. పని మీరు సూడుండ్రి.

నేను చెప్పినట్టు ఆయనకు తెల్వద్దు. తెలిస్తె రేపటి సంది నా మొఖం సూడడు, సిగ్గుపడ్తడు.

సైదమ్మ (ఏలిముద్ర)

---

హైదరాబాద్,
2 మే.

మామా,

రిపోర్టు ఒప్పుకున్నారు. కడగడం, డాక్, క్యాంటీన్ కంపెనీవే. అందులో డాక్‌ను "అసలు పనుల" జాబితాలోకి మార్చారు. మార్చింది నేను కాదు, విజేందర్ సార్ తన పెన్నుతో మార్చారు.

ఎట్లా అని అడగకు. ఒకరు రాశారు. ఎవరని కూడా అడగకు, మాటిచ్చాను. ఆ కాగితం చదివి నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లుగా మా మామ చేసేది వాసన చూడడమే అనుకున్నాను.

గోపయ్య గారు 15 నుంచి ఏజెన్సీ కిందికి వెళ్తారు. షరతు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అయినా నెలకోసారి నువ్వు ఆయన గురించి నాకు రాయాలి. ఆయన్ని అడిగి రాయకు, మల్లేష్‌ను అడిగి రాయి. నా ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. ఇవాళ మాత్రం అన్నం తిన్నాను.

శాంపిల్ కవర్లు అయిపోయాయి. మొన్న 28న అక్కడి నుంచి వచ్చిన పాత కవరులోనే ఇది పెట్టి పంపుతున్నాను.

నీ
శ్రీవాణి

---

నల్లగొండ,
4 మే.

బిడ్డా,

ఉత్తరం చేరింది. నువ్వు అడగకన్నవు, నేను అడుగుతలేను.

కని నువ్వు పాత కవర్ల పెట్టి పంపినవు గద. విప్పంగనే అలవాటు కొద్ది ముక్కు కాడ పెట్టుకున్న. వాషింగ్ సోడా. దాని కింద మామిడికాయ తొక్కు, మెంతిపిండి జర ఎక్కువ పడ్డది. గట్ల మెంతిపిండి ఏసె మనిషి ఈ ప్లాంటుల ఒక్కతే ఉన్నది. ఒక్కసారే జూసిన బిడ్డా. రెండోసారి జూడలె.

పది గంటలకు సద్ది కాడికి పోయిన. బెంచి మీద గుర్వమ్మ, స్వరూప ఉన్నరు. సైదమ్మ గూడ వచ్చి గా చివర కూసున్నది. నేను డబ్బ తీసిన, ఆమె డబ్బ తీసింది. జరసేపటికి తన డబ్బ మూత తిరగేసి, దాంట్ల ఇంత తొక్కు పెట్టి, నా దిక్కు జరిపింది.

తిన్న.

"ఎట్లున్నది?" అన్నది.

"మెంతిపిండి ఎక్కువైంది" అన్న.

"తినేటోడు తింటడు, లేకుంటె లేదు" అన్నది. మల్ల ఇంకో బుక్క తిని, "హెడ్డాఫీసు నుంచి ఏదో కాయితమొచ్చిందట గద. ఏమని రాసిండ్రు?" అన్నది, ఏం తెల్వనట్టు, స్వరూప దిక్కు సూడకుంట.

"ఏం లే సైదమ్మా, ఊకె రాసిండ్రు" అన్న.

మీ మామ
జంగయ్య